నొప్పి తగ్గింది, నడుము బాగుపడిందా?

కలకత్తాకు దక్షిణంగా, హుగ్లీ నది తూర్పు గట్టున, సియాల్దా నుంచి వచ్చే లోకల్ రైలుకు ఆఖరి స్టేషను బడ్జ్ బడ్జ్. ఒక వైపు నూనె కంపెనీల డిపోలు, మరొక వైపు జనపనార మిల్లులు, వాటి నడుమ కూలి లైన్లు. ఆ లైన్లలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుంచి నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల ప్రజలు బ్రతుకుతెరువు కోసం హుగ్లీ తీరపు మిల్లులకు తరలివచ్చారు. నేటి శ్రీకాకుళం జిల్లా ఆ సీమలోనిదే. తరాలు గడిచినా ఊరికీ మిల్లుకూ మధ్య రాకపోకలు తెగిపోలేదు.

జనపనార పని నడుముతో చేసే పని. గట్టిగా బిగించిన నార బేలు ఒక్కొక్కటి 180 కిలోలు తూగుతుంది. దానిని బండి మీద దొర్లించాలి, విప్పాలి, వంగి యంత్రానికి అందించాలి. వడికే యంత్రం ముందు నిలబడ్డవాడు షిఫ్టు పొడుగునా వంగుతూ లేస్తూ ఉండాలి. మిల్లులలో బద్లీ పద్ధతి ఒకటి ఉన్నది. బద్లీ కార్మికుడు పని దొరికిన రోజుకే కూలి అందుకుంటాడు. నడుము పట్టేసిందని ఇంట్లో పడుకుంటే ఆ పూట కూలి పోతుంది; ఒక బిళ్ళ మింగితే షిఫ్టు నిలుస్తుంది. బిళ్ళ ఖరీదు కొద్ది రూపాయలు. ఈ లెక్క విన్నవాడెవడూ కార్మికుణ్ణి తప్పు పట్టలేడు. అయితే ఈ లెక్కలోకి ఎక్కని ఖర్చు ఒకటి ఉన్నది. దానిని జీర్ణాశయం, గుండె, మూత్రపిండాలు చెల్లిస్తాయి. అవి చెల్లిస్తున్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు.

ఒకే సేవకుడు, అనేక కొలువులు

డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నెప్రాక్సెన్, ఇండోమెథాసిన్ అనే మందులు పేర్లు వేరైనా ఒకే కుటుంబానికి చెందినవి. పాతదైన ఆస్పిరిన్ కూడా ఈ వంశంలోనిదే. ఇవి నొప్పిని ఎలా తగ్గిస్తాయో 1971 వరకు స్పష్టంగా తెలియదు. ఆ సంవత్సరం ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు దాని గుట్టు విప్పాడు. దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. వాపునూ నొప్పినీ పెంచేవి అవే. ఈ మాత్రలు వాటి తయారీని అడ్డుకుంటాయి. ఈ రంగంలో కృషికి వేన్‌కు, మరి ఇద్దరు స్వీడిష్ శాస్త్రజ్ఞులకు కలిపి 1982లో నోబెల్ బహుమతి లభించింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ప్రోస్టాగ్లాండిన్లకు నొప్పి పుట్టించడం ఒక్కటే పని కాదు. జీర్ణాశయపు గోడ తన ఆమ్లంలో తానే కాలిపోకుండా జిగురు పూతను నిలిపేవి అవే. శరీరంలో నీరు తగ్గినపుడు మూత్రపిండాలకు రక్తం పోయే సన్నని నాళాలు ముడుచుకోకుండా తెరిచి ఉంచేవీ అవే. మాత్ర నడుముకని మింగినా, నడుము దగ్గరకు మాత్రమే పోయి ఊరుకోదు. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి, ఆ సేవకుణ్ణి అన్ని కొలువుల నుంచీ ఒక్కసారే తొలగిస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం వంటిదే ఇది.

కడుపులో నిశ్శబ్దం

మొదటి దెబ్బ తినేది జీర్ణాశయం. మంట, పులితేపులు, వికారం కొందరికి ముందుగా కనిపిస్తాయి. మరి కొందరికి ఏ హెచ్చరికా ఉండదు. నొప్పిని అణచే మందు పుండు నొప్పిని కూడా కప్పిపెట్టగలదు. మలం తారులా నల్లబడినపుడో, రక్తం వాంతి అయినపుడో గాని పుండు సంగతి బయటపడదు. అరవై దాటినవారికి, లోగడ పుండు వచ్చినవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఈ అపాయం ఎక్కువ.

ఇక్కడ రెండు అపోహలు తొలగించుకోవలసి ఉన్నది. బిళ్ళకు బదులు సూదిమందు పొడిపించుకుంటే కడుపుకు హాని లేదని పలువురు నమ్ముతారు. మందు రక్తం ద్వారానే జీర్ణాశయపు గోడను చేరుతుంది కనుక సూదివల్ల ఆ రక్షణ లభించదు. రెండవది, “గ్యాస్ బిళ్ళ” కూడా వేసుకున్నాము గదా అన్న ధీమా. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి జీర్ణాశయానికి గొడుగు పట్టే మాట నిజమే. గుండెకూ, మూత్రపిండాలకూ అవి పట్టే గొడుగు ఏదీ లేదు.

గుండెకు తెలిసిన సంగతి

కడుపును కాపాడుతూ నొప్పిని మాత్రమే తగ్గించే మందు కోసం వెదికిన శాస్త్రజ్ఞులకు రోఫెకాక్సిబ్ దొరికింది. 1999లో వయాక్స్ అనే పేరుతో అది అమెరికా బజారుకు వచ్చింది. దీర్ఘకాలం వాడినవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరుగుతున్నట్లు పరీక్షలలో తేలడంతో, 2004 సెప్టెంబరు 30న తయారీదారులే దానిని ప్రపంచమంతటి నుంచీ ఉపసంహరించుకున్నారు. ఆ తరువాత పరిశోధకుల చూపు పాత మందుల మీదికి మళ్ళింది. గుండె జబ్బు గాని, పక్షవాతం గాని వచ్చినవారు డైక్లోఫెనాక్ వాడరాదని 2013లో యూరప్ ఔషధ సంస్థ ప్రకటించింది. ఈ వర్గపు మందులతో గుండెపోటు ముప్పు వాడకం మొదలైన కొద్ది వారాలలోనే కలుగవచ్చునని 2015లో అమెరికా అధికారులు హెచ్చరికను కట్టుదిట్టం చేశారు.

ఈ మాత్రలు రక్తపోటును పెంచగలవు; రక్తపోటుకు వాడే మందుల బలాన్ని తగ్గించగలవు. కనుక బి.పి. ఉన్నవారు నడుము నొప్పి మాత్రను చిన్న విషయంగా ఎంచరాదు.

స్వీడన్‌లోని ఒక కర్మాగారం

మూత్రపిండాల కథ మరింత విచారకరమైనది. దానిని చెప్పడానికి బడ్జ్ బడ్జ్ నుంచి కొంతసేపు స్వీడన్ పోవలసి ఉంటుంది. హుస్క్‌వార్నా అనే పట్టణంలో ఆయుధ కర్మాగారం ఒకటి ఉండేది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విజృంభించినపుడు యార్టన్ అనే వైద్యుడు రోగులకు ఒక పొడి రాసి ఇచ్చాడు. అందులో ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిసి ఉండేవి. జ్వరం పోయింది, పొడి మాత్రం పోలేదు. అది మింగితే ఒళ్ళు తేలికపడి పని వేగంగా సాగుతుందని కార్మికులు నమ్మారు. కాఫీతో పాటు పొడి పొట్లం కూడా కర్మాగారంలో నిత్యకృత్యమైంది. ఏళ్ళ తరువాత ఆ కార్మికులలో మూత్రపిండాలు చెడి చనిపోయేవారు ఎక్కువయ్యారు. కారణం ఆ పొట్లమేనని 1963లో గ్రిమ్‌లుండ్ అనే వైద్యుడు తన పరిశీలనను ప్రకటించాడు. ఫెనాసెటిన్‌ను దేశాలు ఒకటొకటిగా తొలగించాయి. అమెరికా 1983లో తొలగించింది.

నేటి మాత్రలు ఫెనాసెటిన్ కావు. కాని షిఫ్టు నిలబెట్టుకోవడానికి నొప్పి మందు మింగే అలవాటు అదే. చెమటలు కారే వేడిలో, నీళ్ళు తాగే తీరిక లేక శరీరం ఎండిపోయినపుడు, మూత్రపిండాలకు పోయే రక్తం ప్రోస్టాగ్లాండిన్ల దయ మీద ఆధారపడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మాత్ర వాటిని అడ్డుకుంటే మూత్రపిండాలకు రక్తం కరువవుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని రకాల మందులు, మూత్రం జారీచేసే మందు, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకేసారి ఒంట్లో చేరితే అపాయం మరీ ఎక్కువని వైద్యులు ప్రత్యేకించి హెచ్చరిస్తారు. మూత్రపిండం మాత్రం నొప్పితో మొరపెట్టుకోదు. సగానికి పైగా శక్తి పోయిన తరువాత కూడా మనిషి మామూలుగానే తిరుగుతాడు. క్రియాటినిన్ అనే చిన్న రక్తపరీక్ష చెబితేనే తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాతో చుట్టరికం ఉన్న కుటుంబాలకు ఈ మాట మరింత ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఏళ్ళ తరబడి ప్రజలను పీడిస్తున్నది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా అది వస్తున్నది. దాని మూలకారణం ఇదేనని ఒక్క మాటలో తేలలేదు. నొప్పి మాత్రలే కారణమనడం న్యాయం కాదు. పలాసలో 2023లో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనాయి. కాని ఇదివరకే బలహీనపడిన మూత్రపిండం మీద ఈ మాత్రలు మరొక బరువు మోపుతాయన్నది మాత్రం సందేహం లేని సంగతి. నడుము వంచి పొలంలో పనిచేసే ఉద్దానం రైతుకూ, మిల్లులో పనిచేసే అతని బంధువుకూ వర్తించే హెచ్చరిక ఇది.

మిగిలిన మాత్రల మాట

నడుము నొప్పి చీటీలో మరికొన్ని పేర్లు కనిపిస్తాయి. పారాసిటమాల్ కడుపుకు మెత్తనిది. అయితే ఆరోగ్యవంతుడైన పెద్దవాడు కూడా రోజుకు నాలుగు గ్రాములు దాటి వాడరాదు. దాటితే కాలేయానికి ముప్పు. అనేక మిశ్రమ మాత్రలలో ఇది చాటుగా ఉంటుంది. రెండు వేరు వేరు పేర్ల మాత్రలు మింగినవాడు తనకు తెలియకుండానే రెట్టింపు పారాసిటమాల్ మింగుతూ ఉండవచ్చు.

ట్రమడాల్ నల్లమందు జాతికి చెందినది. మలబద్ధకం, మగత, వాంతులు దాని వెంట వస్తాయి; అలవాటుగా మారే గుణమూ ఉన్నది. అందువల్లనే మన ప్రభుత్వం 2018లో దానిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. ప్రీగాబాలిన్ వల్లా, కండరాలను సడలించే కొన్ని మందుల వల్లా తల తిరగడం, నిద్రమత్తు కలుగుతాయి. తిరిగే యంత్రం ముందు నిలబడేవాడికి ఆ మత్తు చేతి వేళ్ళకే ముప్పు.

పేరు లేని పొట్లాల సంగతి వేరే చెప్పాలి. అర్హత లేని వైద్యులు ఇచ్చే పొడులలో కొన్నిచోట్ల స్టీరాయిడ్లు కలుస్తాయి. మొదటి రోజునే నొప్పి మాయమై, రోగి ఆ వైద్యుణ్ణి దేవుడనుకుంటాడు. కొన్ని నెలలకు ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. అలా అలవాటుపడిన స్టీరాయిడును హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించవలసి ఉంటుంది.

మరి ఏం చేయాలి?

ఇంత చదివి మాత్రలను శాపనార్థాలు పెట్టడం సబబు కాదు. డైక్లోఫెనాక్ వంటి మందులు తగినవారికి, తగిన మోతాదులో, కొద్ది రోజులు ఇస్తే నడుము నొప్పికి కొంత ఉపశమనం కలిగిస్తాయి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుము నొప్పిపై ప్రకటించిన మార్గదర్శకాలు వ్యాయామానికీ, రోగికి విషయం వివరించి చెప్పడానికీ చోటిచ్చి, ఈ వర్గపు మందులను కూడా పేర్కొన్నాయి. నల్లమందు జాతి మందులను, నడుము పట్టీలను మామూలుగా వాడవద్దన్నాయి. ఆ సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు.

మంచి వార్త ఏమిటంటే, హఠాత్తుగా వచ్చిన నడుము నొప్పి చాలామందిలో కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పారాసిటమాల్ వాడినవారు సగటున 17 రోజులకు, ఉత్తుత్తి మాత్ర మింగినవారు 16 రోజులకు కోలుకున్నారు. మంచం పట్టనవసరం లేదని కూడా తేలింది. 1995లో ప్రచురితమైన హెల్సింకీ పరిశీలనలో 186 మంది పాల్గొన్నారు. మంచం మీద విశ్రమించినవారి కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. అయితే ఓర్చుకోగలిగిన పని వేరు, 180 కిలోల బేలు దొర్లించడం వేరు. కొద్ది రోజులు తేలిక పని దొరకడమే అటువంటి కార్మికునికి అసలైన మందు.

మాత్ర తప్పనిసరి అయినవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. నొప్పిని ఆపగల కనీస మోతాదును, వీలైనంత తక్కువ రోజులు వాడాలి. ఈ వర్గపు మాత్రలు రెండింటిని ఒకేసారి మింగరాదు. తిండి తిని, తగినన్ని నీళ్ళు తాగి వేసుకోవాలి. వాంతులు, విరేచనాలు అవుతున్నపుడు మానాలి. బి.పి., మధుమేహం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, పాత పుండు, గర్భం, వీటిలో ఏది ఉన్నా వైద్యునికి ముందుగా చెప్పాలి. వాడుతున్న మందులన్నీ చూపాలి. డైక్లోఫెనాక్ వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన మందు. నిరుటి చీటీ ఈ ఏటి నొప్పికి చెల్లదు. పొరుగువాడి చీటీ అసలే చెల్లదు.

కాలు బలహీనపడినా, తొడల నడుమ స్పర్శ పోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ వంటి జబ్బులు దాగి ఉండవచ్చు. మాత్రతో ఆ నొప్పిని అణచిన కొద్దీ జబ్బు లోలోపల ముదురుతుంది.

బడ్జ్ బడ్జ్‌లో కార్మిక రాజ్య బీమా ఆసుపత్రి ఉన్నది. బీమా ఉన్న కార్మికుడు వైద్యుణ్ణి చూడటానికి వేరే రుసుము చెల్లించనక్కరలేదు. నిబంధనల ప్రకారం జబ్బు రోజులకు కొంత భత్యం పొందే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నది. అక్కడకు వెళ్ళినపుడు “నడుము నొప్పికి బిళ్ళ ఇవ్వండి” అని మాత్రమే అడిగి ఊరుకోకుండా, తాను చేసే పని ఏమిటో, ఎంత బరువు ఎత్తుతున్నాడో, ఇదివరకు ఎన్ని నెలలుగా ఏ బిళ్ళ మింగుతున్నాడో చెప్పాలి. క్రియాటినిన్ పరీక్ష అవసరమా అని అడగాలి. ఈ నాలుగు మాటలకు పట్టే సమయం అయిదు నిమిషాలు. అవి చెప్పకుండా మింగిన బిళ్ళల ఖరీదును మూత్రపిండాలు జీవితమంతా చెల్లించవలసి రావచ్చు.