తరగతి గదికి చేరని విద్యా విధానం

అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠాన బిల్లును పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. మణిపూర్ సమస్యపై ఉభయ సభలూ అట్టుడికిపోతున్న రోజులవి. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలను, అందులో అధిక భాగాన్ని ప్రభుత్వేతర వనరుల నుంచి, పరిశోధనకు సమీకరించాలన్నది అప్పుడు ప్రకటించిన లక్ష్యం. లక్ష్యం ఘనమైనదే. కాని పరిశోధకుడు ఆకాశం నుంచి ఊడిపడడు. బి.ఎస్‌సి. మొదటి సంవత్సరం తరగతి గదిలో అతడు తయారు కావాలి. ఆ గదిలో జరుగుతున్నదేమిటి?

మన కళాశాలల్లో అత్యధిక భాగం భౌతిక శాస్త్ర తరగతులు ఒకే తీరున నడుస్తాయి. అధ్యాపకుడు నల్లబల్లపై సమీకరణాలు రాబడతాడు. విద్యార్థులు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. ప్రయోగశాలలో రావలసిన ఫలితం ముందే తెలిసి ఉంటుంది. దానికి తగినట్లు రికార్డు నిండుతుంది. ఇది మన ఒక్కరి జాడ్యమే అనుకోనక్కరలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజుర్ అనే ఆచార్యుడు తాను బాగా బోధిస్తున్నాననే కొన్నేళ్లపాటు నమ్మాడు. అరిజోనాలో హలూన్, హెస్టెనెస్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ప్రచురించిన వ్యాసాలు చదివి, ఆ తరహా ప్రశ్నలను తన విద్యార్థుల ముందుంచాడు. బరువైన లారీ, చిన్న కారు ఢీకొంటే దేనిపై ఎక్కువ బలం పనిచేస్తుంది? న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం రెండింటిపైనా సమాన బలమే. ఆ సూత్రాన్ని అప్పజెప్పగలిగినవారే ఇటువంటి ప్రశ్నల దగ్గర తడబడ్డారు. మీరు చెప్పినట్లు రాయాలా, మేము అనుకునేట్లు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందట!

1991లో మజుర్ పద్ధతి మార్చాడు. కొద్దిసేపు చెప్పి ఒక ప్రశ్న వేస్తాడు. ప్రతి విద్యార్థీ తన జవాబు తేల్చుకుంటాడు; పక్కవారితో వాదిస్తాడు; మళ్లీ జవాబిస్తాడు. ఆ తరువాతే వివరణ. 1998లో రిచర్డ్ హేక్ ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చి చూశాడు. ప్రారంభంలో తెలియని దానిలో ఉపన్యాస తరగతులవారు సగటున 23 శాతం గ్రహించగా, విద్యార్థి ప్రమేయంతో నడిచిన తరగతులవారు 48 శాతం గ్రహించారు. సైన్సు, గణితం, ఇంజనీరింగు బోధనపై 225 అధ్యయనాలను క్రోడీకరించిన 2014 నాటి పరిశీలనలో, ఉపన్యాసానికే పరిమితమైన తరగతుల్లో తప్పేవారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. కాగా, కొత్త పద్ధతిలో చదివినవారు ఎక్కువ నేర్చుకున్నా తక్కువ నేర్చుకున్నామని భావిస్తారని 2019లో హార్వర్డ్‌లోనే గమనించారు. శ్రమ కలిగిన చోట సంతృప్తి వెంటనే రాదు.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. కళాశాలల్లో కాకపోయినా, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లోనే 16 మాధ్యమిక పాఠశాలల్లో ఇటువంటి విజ్ఞాన బోధన ప్రారంభమైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దానికి తోడ్పడ్డారు. పిల్లలు జట్లుగా ప్రయోగాలు చేసి, నిర్ధారణలకు తామే వచ్చేవారు. పరీక్షలో పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు, ప్రయోగానికీ మార్కులుండేవి. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వమే నిలిపివేసింది. పద్ధతి మంచిదైనంత మాత్రాన బతకదు. పరీక్ష, పాఠ్య పుస్తకం, నియామకం ఎవరి చేతిలో ఉన్నవో వారి సమ్మతి దానికి కావాలి.

కేంద్ర మంత్రివర్గం 2020 జూలైలో ఆమోదించిన జాతీయ విద్యా విధానంలో అనుభవపూర్వక అభ్యసనం గురించి మంచి మాటలున్నాయి. కళాశాలల అనుబంధ వ్యవస్థను 15 ఏళ్లలో క్రమంగా తొలగించాలన్న సంకల్పమూ ఉంది. అయితే ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయం నుంచి వస్తున్నంత కాలం, కళాశాలలోని అధ్యాపకుడు పద్ధతి మార్చడానికి సాహసించడు. ఏడాది తరువాత ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని తాత్కాలిక అధ్యాపకుడు అసలే సాహసించడు. 2019 డిసెంబరులో ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు సమ్మెకు దిగడానికి ఈ అభద్రతే మూలం.

తెలుగు పాఠకులకు ఈ సమస్య మరింత దగ్గరిది. మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో ఉదయం నుంచి రాత్రి వరకు ప్రవేశ పరీక్షల లెక్కలు సాధన చేస్తారు. సరైన జవాబును నిమిషంలో గుర్తించే నేర్పు వారికి అబ్బుతుంది. ఐ.ఐ.టి.లలో మన సంఖ్య చూసి గర్వించడం సహజమే. కాని లారీ, కారు ప్రశ్నకు కారణం చెప్పమంటే ఎందరు నిలబడగలరు? హార్వర్డ్ విద్యార్థులకు తప్పని తడబాటు మనవారికి తప్పుతుందనుకోవడం ఆత్మవంచన.

లోక్‌సభలో అనేక శాఖల పద్దులు చర్చ లేకుండానే గట్టెక్కడం పరిపాటి. విద్యాశాఖ పద్దు చర్చకు వచ్చిన రోజున మన సభ్యులు మూడు విషయాలు అడగవలసి ఉంది. స్వయంగా ప్రశ్నపత్రం తయారు చేసుకొనే అధికారం ఎన్ని కళాశాలలకు ఇచ్చారు? మొదటి సంవత్సరం తరగతులు బోధించేవారిలో శాశ్వత అధ్యాపకులెందరు? వారికి బోధనలో శిక్షణ కోసం వెచ్చించినదెంత? పరిశోధనకు కేటాయించే కోట్లు ఫలిస్తాయా, లేదా అన్నది ఈ మూడింటి జవాబులపైనే ఆధారపడి ఉన్నది.