సీసాలో జిగురు స్టెప్నీకి సాటి రాదు

కొత్త కారు ఇంటికి తెచ్చి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన తర్వాత డిక్కీ తెరిచి చూసుకుంటే, స్టెప్నీ ఉండవలసిన చోట ఒక సీసా, దాని పక్కన చిన్న గాలి యంత్రం మాత్రమే కనిపిస్తున్నాయి. కొన్ని రకాల కార్లు కొన్న వారికి ఎదురవుతున్న అనుభవమిది. అమ్మినవారు చెప్పరు. కొన్నవారు అడగరు. అడగాలని తట్టదు కూడా. నాలుగు చక్రాల బండి కొంటే ఐదో చక్రం దానితో వస్తుందన్నది ఇంతకాలం ఎవరూ అనుమానించని సంగతి.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. డ్రైవరు కాక ఎనిమిది మందికి మించకుండా ఎక్కే, మూడున్నర టన్నులకు మించని కార్లకు ట్యూబు లేని టైర్లు, టైరులో గాలి తగ్గితే డ్రైవరుకు తెలియజేసే ఏర్పాటు, పంక్చరు పూడ్చే సామగ్రి ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కరలేదని ఆ సవరణ సారాంశం. బ్యాటరీ కార్లకు చోటు కలిసివస్తుందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. గ్యాసు కార్లలో డిక్కీని సిలిండరే ఆక్రమిస్తున్నది. బరువు తగ్గితే నూనె ఖర్చు కూడా కాస్త తగ్గుతుంది. కంపెనీకి ఒక చక్రం ఖరీదు మిగులుతుందన్న మాట మాత్రం ప్రకటనల్లో కనిపించదు.

సీసాను పనికిరానిదని తోసిపుచ్చడం న్యాయం కాదు. అందులో ఉండేది రబ్బరు పాల వంటి జిగురు ద్రవం. గాలి యంత్రాన్ని కారులోని సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించి, ఆ ద్రవాన్ని గాలితో పాటు వాల్వు గుండా టైరులోకి ఎక్కిస్తారు. వెంటనే కారును కొన్ని కిలోమీటర్లు నడిపితే ద్రవం లోపల అంతటా పరుచుకుంటుంది. చిల్లు గుండా బయటికి పోయే గాలే జిగురును అక్కడికి తోసుకుపోయి దారి మూసేస్తుంది. తర్వాత ఆగి గాలి చూసుకోవాలి. గాలి నిలవకపోతే ఇక ఆ టైరుతో కారు కదిలించరాదు. నిలిస్తే, గంటకు 80 కిలోమీటర్లు మించకుండా పంక్చరు దుకాణం దాకా పోవచ్చు. గుచ్చుకున్న మేకును పీకివేయకూడదు. అది ఉంటేనే చిల్లు చిన్నదిగా ఉంటుంది. జాకీ ఎత్తి, బోల్టులు విప్పే ఓపిక లేని పెద్దవారికి, లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి పక్కన చీకట్లో ఆగిపోయిన వారికి ఇది మేలైన ఉపాయమే.

కాగా, ఈ సీసా పూడ్చగలిగేది నేలను తాకే భాగంలో పడిన చిన్న చిల్లును మాత్రమే. మేకు మందం నాలుగు మిల్లీమీటర్లు, మహా అయితే ఆరు. టైరు పక్కభాగం కోసుకుపోతే ఎన్ని సీసాలు పోసినా ఫలితం శూన్యం. గాలి లేకుండా కొంత దూరం నడిచి నలిగిపోయిన టైరుకైనా అంతే. గుంటలో పడి రిమ్ము వంగినా అంతే.

పల్లె రోడ్లపై టైర్లకు వచ్చే ఆపద సరిగ్గా ఇదే. సర్కారు తుమ్మ ముల్లుకు సీసా సరిపోవచ్చు. కానీ ఒంటి వరస తారురోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తే కారు పక్కకు దిగాలి. తారు అంచుకూ మట్టికీ మధ్య కొన్నిచోట్ల జానెడు ఎత్తు తేడా. వానలకు కోసుకుపోయిన ఆ అంచు కత్తిలా ఉంటుంది. దిగేటప్పుడు కాకపోతే ఎక్కేటప్పుడు టైరు పక్కభాగాన్ని అది గీస్తుంది. కంకర పరిచి తారు వేయకుండా నెలల తరబడి వదిలేసిన రోడ్ల సంగతి చెప్పనక్కరలేదు. చీమకుర్తి వైపు గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో రాతి పలుకులు ఉండనే ఉన్నాయి. నున్నని రహదారులను దృష్టిలో పెట్టుకుని తయారైన ఏర్పాటును ఇటువంటి దారులకు అప్పగించడం సబబు కాదు.

నల్లమల అంచున ఉన్నవారి పరిస్థితి మరింత గడ్డు. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్ల అడవి దారి. సెల్‌ఫోన్‌కు సిగ్నలు అందని తావులు ఆ దారిలో ఉన్నాయి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట వాహనాలను అటవీశాఖ వదలదు. పొద్దువాలే వేళ ఘాటు మలుపులో రాయి తగిలి టైరు చీలితే, సహాయానికి ఫోను చేయమని కంపెనీ పుస్తకంలో రాసిన సలహా ఎవరికి ఉపయోగం?

యాత్ర ఒకరోజు ఆలస్యమైతే నష్టం లేదు. కానీ ఊళ్లో ఉన్న ఒకటి రెండు బాడుగ కార్లే అర్ధరాత్రి ఆస్పత్రి బండ్లు కూడా. 108 వచ్చేదాకా ఆగలేని పురిటి నొప్పులు, పాముకాటు, గుండెనొప్పి అన్నిటికీ ముందు తలుపు తట్టేది ఆ కారు యజమాని ఇంటినే. చేతనైన డ్రైవరు చక్రం మార్చడానికి పావుగంట చాలు. చీలిన టైరుతో సీసా పట్టుకుని నిలబడితే తెల్లవారడమే గతి. అందువల్ల సొంత కారు మాట ఎలా ఉన్నా, పల్లెల్లో బాడుగకు తిప్పే ప్రతి కారులోనూ స్టెప్నీ, జాకీ, వీల్ స్పానరు ఉండి తీరాలి. స్టెప్నీ ఇవ్వకపోవడానికి కంపెనీకి నిబంధన అనుమతి ఇచ్చిందే తప్ప, యజమాని పెట్టుకోరాదని ఎక్కడా అనలేదు.

స్టెప్నీ ఉన్నవారు నిశ్చింతగా ఉన్నారా అంటే అదీ లేదు. చాలా కార్లలో స్టెప్నీ అంటే అరిగి బోడిగుండైన పాత టైరే. దానికి గాలి పట్టించి ఎన్నాళ్లయిందో యజమానికే తెలియదు. అటువంటి స్టెప్నీ కంటే తాజా సీసా నయం. సీసాకు కూడా గడువు తేదీ ఉంటుంది. ఎండాకాలం డిక్కీలో మగ్గే సీసా తేదీని ఏడాదికి ఒకసారైనా చూసుకోవడం మంచిది. ఒకసారి వాడితే అది అయిపోయినట్టే, కొత్తది కొనుక్కోవాలి. టైరులో జిగురు పోసిన సంగతి పంక్చరు వేసేవాడికి ముందే చెప్పాలి. చెప్పకుండా ఇస్తే విప్పగానే ఆ బంక వాడి చేతులకూ బట్టలకూ అంటుతుంది.

స్టెప్నీ అన్న పేరు కూడా ఇటువంటి అవస్థ నుంచి పుట్టినదే. వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. అప్పటి మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు, రోడ్లేమో గుర్రపు నాడాల మేకులతో నిండి ఉండేవి. వీధి పేరే చక్రానికి వచ్చి ఇక్కడి పల్లెల దాకా చేరింది.

అమ్మకందారులు కనీసం ఒక పని చేయాలి. ఈ కారుకు స్టెప్నీ లేదన్న సంగతి డబ్బు కట్టించుకోక ముందే తెలుగులో రాసి కొనేవారి చేత సంతకం తీసుకోవాలి. విడిగా చక్రం కావాలంటే ఖరీదెంతో అక్కడే చెప్పాలి. ఇప్పటికే కొన్నవారు తమ కారు బోల్టుల కొలతకు, టైరు సైజుకు సరిపోయే ఇనుప రిమ్ము చక్రాన్ని తెచ్చుకోవచ్చు. డిక్కీలో సిలిండరు అడ్డమైతే కారు పైన కారియరు బిగించి కట్టుకోవచ్చు. చూడటానికి అందంగా ఉండదు. పెళ్లి ఊరేగింపు రోజున కావాలంటే దించుకోవచ్చు.