పికాసా పోయింది, మన ఫొటోల్లోని పేర్లు ఎక్కడున్నాయి?

2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమయ్యాడు. ఆ తర్వాతి వారాల్లో యూనివర్సిటీల్లో, దళితవాడల్లో జరిగిన ప్రతి నిరసననూ ఎవరో ఒకరు ఫొటో తీశారు. ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 12న, పికాసాను ఆపేస్తున్నామని గూగుల్ ప్రకటించింది. మార్చి 15తో కంప్యూటర్‌లో వాడే పికాసాకు మద్దతు ముగిసింది. మనకు అప్పుడు ఆ వార్త చదివే తీరిక ఎక్కడిది?

ఇప్పుడు పాత హార్డ్ డిస్కులు మా చేతికొస్తున్నాయి. తెచ్చిన కార్యకర్తలందరిదీ ఒకటే మాట: "ఫొటోలున్నాయి గానీ ఎవరు ఎవరో రాసుకున్నది కనపడట్లేదు." ముందు వరుసలో నిలబడిన ఆ అమ్మ ఎవరు? కట్టు కట్టిన చేయి ఎవరిది? పికాసాలో ముఖం ముఖానికీ పేరు రాసిపెట్టుకున్నారు. కొత్త కంప్యూటర్‌లో ఆ పేర్లు లేవు.

చాలాసార్లు అవి పోలేదు, దాక్కున్నాయంతే. పికాసాలో ఫొటోను కత్తిరించినా, వెలుగు పెంచినా అసలు ఫొటో వెంటనే మారదు. చేసిన మార్పులన్నీ అదే ఫోల్డర్‌లో 'పికాసా డాట్ ఐఎన్ఐ' అనే చిన్న ఫైలులో రాసి ఉంటాయి. ముఖాల గుర్తులూ అందులోనే. మార్పులను సేవ్ చేస్తే అసలు ఫొటో 'పికాసా ఒరిజినల్స్' అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఈ రెండూ మామూలుగా కంటికి కనపడని ఫైళ్లు. ఫోల్డర్ మొత్తాన్ని కాకుండా, లోపలికెళ్లి కనిపించిన ఫొటోలను మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నవాళ్లు వాటిని అక్కడే వదిలేసి వచ్చారు. పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేసి ఉంటే ఇక చేసేదేం లేదు.

ఇది ఆల్బమ్‌ల గొడవే అయితే ఇంత రాయనక్కర్లేదు. చుండూరు మారణకాండ 1991 ఆగస్టు 6న జరిగింది. ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలైలో వచ్చింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. గూగుల్ పికాసాను కొన్నది 2004లో, ఆపేసింది 2016లో. అంటే చుండూరులో తొలి తీర్పుకు పట్టినంత కాలం కూడా అది గూగుల్ చేతిలో బతకలేదు. అట్రాసిటీ కేసులో ఫొటో దాఖలు చేయాలంటే కత్తిరించిన కాపీ చాలదు. అసలేదీ అని అవతలి లాయరు అడుగుతాడు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది.

అందుకే పాత డిస్కు దొరికిన ఉత్సాహంలో ఎక్కడి నుంచో పికాసాను దింపుకొని దాన్ని తెరవొద్దు. పికాసా తాను చూసిన ఫోల్డర్లలో తన ఫైళ్లు తానే రాస్తుంది. పైగా ఊరూపేరూ లేని సైట్లలో దొరికే సాఫ్ట్‌వేర్‌తో వైరస్ రావచ్చు. ముందు డిస్కు మొత్తానికీ నకలు తీయండి, హ్యాష్ రాసుకోండి, పని నకలు మీదే చేయండి. దాచిన ఫైళ్లు కనపడేలా విండోస్‌లో సెట్టింగ్ మార్చి, ఐఎన్ఐ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. కొన్నింటిలో పేర్లు నేరుగా కనిపిస్తాయి. కొన్నింటిలో అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ మాత్రమే ఉంటుంది, దాని పేరు పాత కంప్యూటర్‌లోని 'కాంటాక్ట్స్' ఫైలులో వెతకాలి. పేర్లను ఫొటో ఫైలులోనే రాసే సౌకర్యం చివరి వెర్షన్లలో ఉండేది. ఎవరైనా అది వాడి ఉంటే, ఉచితంగా దొరికే డిజికామ్‌లో ఆ పేర్లు కనిపిస్తాయి.

ఇంకో సంగతి మమ్మల్ని ఎక్కువ కంగారు పెడుతోంది. ఆ చిన్న ఫైలులో సాక్షుల పేర్లు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు గ్రూపులో పంచితే, ఊళ్లో రాజీకి రమ్మని ఒత్తిడి చేసేవాళ్లకు సాక్షుల జాబితా మనమే అందించినట్టు. కాబట్టి బయటికి పంపే నకలులో ఐఎన్ఐ, కాంటాక్ట్స్ ఫైళ్లు ఉండకూడదు, ఫొటో లోపల రాసిన పేర్లు కూడా తీసేయాలి. అసలు డిస్కు మాత్రం సంఘం దగ్గరే, ఇద్దరికి తెలిసిన చోట ఉండాలి.

పేర్లు ఏ ఫైలులోనూ దొరకని ఫొటోలు మా దగ్గర చాలానే మిగిలాయి. వాటిని పెద్ద సైజులో ప్రింట్ తీయించి, ఆ వాడల్లోని పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్తున్నాం. వాళ్లు చెప్పిన పేర్లు ప్రింటు వెనకాల పెన్సిల్‌తో రాస్తున్నాం.