వ్రాతలో లేని మాట

ఉగాది ఉత్సవములలో మన సంఘము బాలబాలికలకు జరుపు నాటకపోటీల నిబంధనలలో ఒకటి ఇట్లున్నది: పాత్రధారులు వ్రాతప్రతిలోని సంభాషణలను మార్చినను, సొంత మాటలు చేర్చినను ఐదు మార్కులు తగ్గింపబడును. ఈ నిబంధనను తీసివేయవలెనని మేము కోరుచున్నాము. కార్యవర్గములోని పెద్దలు కొందరు దీనికి సమ్మతింపరని ఎరుగుదుము. అందుచేతనే మా కారణములను ఈ పత్రికాముఖమున సభ్యులందరి ఎదుట పెట్టుచున్నాము.

గత సంవత్సరపు పోటీని చూచినవారికి ఈ సంగతి జ్ఞాపకముండును. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో కాశీ ఘట్టము నడచుచున్నది. చంద్రమతిని విక్రయించుట అయినది. ఋణము ఇంకను తీరలేదు. అంతలో విద్యుత్తు పోయి దీపములు, మైకు ఒక్కసారిగా ఆగిపోయెను. హరిశ్చంద్ర పాత్రధారి నోట మాట లేక నిలిచిపోయెను. నక్షత్రకుని వేషము కట్టిన తొమ్మిదవ తరగతి పిల్లవాడు మాత్రము చీకటిలోనే గొంతెత్తి, "రాజ్యము పాయె, పెండ్లాము పాయె, ఇబుడు కరెంటు గూడా పాయె. ఇంగ నీకాడ వసూలు చేసుకొనేదానికి ఏముండాది సామీ!" అనెను. సభ గొల్లుమన్నది. జనరేటరు వేయువరకు ఆ పిల్లవాడు ఊరకుండలేదు. కాశీలో వడ్డీ ఎంత, పూటకూటి ఇంట బాకీ ఎంత యని లెక్కలు చెప్పుచు జనమును కూర్చుండబెట్టెను. దీపములు వెలిగిన పిమ్మట ఆగిన మాట దగ్గరనే అందుకొని నాటకము నడపెను. తుదకు ఐదు మార్కులు పోయినవి, వానితోబాటు బహుమతియు పోయినది. న్యాయనిర్ణేతలను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. నిబంధన యెట్లున్నదో అట్లే వారు చేసిరి.

వ్యాపారము చేయువారమగుటచే నక్షత్రకుని కష్టము మాకు కొంత తెలియును. బాకీ వసూలుకై గుడియాత్తము నుండి పలమనేరు వరకు బస్సులో తిరిగినవారెవ్వరును ఆ పిల్లవాని మాటకు నవ్వకుండ ఉండజాలరు. కాని మేము ఇంత పట్టుబట్టుటకు కారణము ఆ నవ్వు కాదు.

మన పిల్లలు నాటకమును ఎట్లు నేర్చుచున్నారో ఒకసారి చూడుడు. ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో తమిళము, ఆంగ్లము చదువుదురు. 2006లో రాష్ట్ర శాసనసభ తమిళ అభ్యసన చట్టమును చేసి, ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా తమిళమును విధిపాఠ్యముగా నిర్ణయించిన పిమ్మట తెలుగు అక్షరములు వచ్చిన పిల్లలు మన వాడలలో మరింత అరుదైరి. తమిళము నేర్చుటకు మేము విముఖులము కాము. మా అంగళ్లు నడచునది ఆ భాషతోనే. అయితే దాని ఫలితముగా నాటకప్రతిని తమిళ లిపిలో వ్రాసి పంచుట అలవాటైనది. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. త, ద లకును, ప, బ లకును అంతే. గుడి యని వ్రాసినను కుడి యని వ్రాసినను కంటికి ఒక్కటిగనే కనబడును. బడి యేదో, పడి యేదో, గంప యేదో, కంప యేదో చదువువాడు ఊహించుకొనవలసినదే. అర్థము తెలిసినవాడు ఊహించును. తెలియనివాడు కనబడినట్లు పలుకును. అట్లు వల్లించిన పిల్లవాడు నడుమ ఒక్క మాట జారినచో వెనుకకు పోయి మొదటినుండి అందుకొనుటయే గాని, ఆ సందును తన మాటతో పూడ్చుకొనజాలడు. గుణింతము రానివాడు సంతకము మాత్రము నేర్చినట్లున్నది ఈ నాటకవిద్య.

అట్టిచోట చీకటిలో అప్పటికప్పుడు పుట్టిన మాటకు ఎంత విలువ కట్టవలెను? వల్లించిన సంభాషణ అరువు తెచ్చిన సరుకు. అది బాగుగా అమ్ముడుపోవచ్చును, కాని కొట్టులో సొంత సరుకున్నదని దానివలన తెలియదు. ఆ పిల్లవాని నాలుగు మాటలు సొంత సరుకు. మన సంఘము పుట్టినదే ఆ సరుకు నిలిచియుండవలెనని కదా! దానికే మనము జరిమానా వేయుచున్నాము.

నేటి పిల్లలు నాటకములకంటె టెలివిజన్ ధారావాహికలను ఎక్కువగా చూచుచున్నారు గావున అందుండియు ఒక దృష్టాంతము చెప్పెదము. అమెరికాలో 2006 నుండి 2011 వరకు "ఫ్రైడే నైట్ లైట్స్" అను ధారావాహిక ప్రసారమైనది. టెక్సాస్ రాష్ట్రములో డిల్లన్ అను కల్పితమైన చిన్న ఊరు. అందలి ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టు (వారి ఫుట్‌బాల్ మన కాలిబంతి ఆట కాదు, బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట). ఆ జట్టులోని యౌవనారంభమున ఉన్న పిల్లలు, వారి శిక్షకుడు, ఆయన కుటుంబము. కథ ఇంతియే. దానిని తీసిన విధమే విశేషము. చిత్రీకరణకు ముందు పూర్వాభ్యాసములు జరుపలేదు. నటుడు ఎక్కడ నిలువవలెనో నేలపై గుర్తులు పెట్టలేదు. మూడు కెమెరాలు నటుల వెంట తిరిగెడివి. వ్రాసిన సంభాషణ ఉండెడిది. కాని దానిని తన నోటికి తగినట్లు మార్చుకొనుటకును, నడుమ ఒక మాట చేర్చుటకును, అక్కరలేనిదానిని విడుచుటకును నటునికి స్వేచ్ఛ ఇచ్చిరి. ఒకరి మాట ముగియకముందే వేరొకరు అందుకొనుట, చెప్పదలచినది దొరకక తడబడుట, అలిగి ఊరకుండుట మొదలగునవి మన ఇండ్లలో జరుగునట్లే అందును జరుగును. పదునేడేండ్ల పిల్లవాడు తండ్రివంటి శిక్షకుని ఎదుట ఎట్లు నీళ్లు నములునో కలము పట్టినవానికంటె ఆ పాత్రలో నిలిచినవానికే ఎక్కువ తెలియునని వారు నమ్మిరి. అందు లాండ్రీ పాత్ర ధరించిన జెస్సీ ప్లెమన్స్ టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఇంతటి స్వేచ్ఛ చెల్లుటకు ముఖ్యకారణము ఒక్కటే: ఆ మాటలు నటుల ఇంటి మాటలు. తమిళ లిపిలో వల్లించిన మన పిల్లల చేతికి అదే స్వేచ్ఛ నిచ్చినచో ఏమి చేసెదరో చూచినగాని మన తెలుగు ఎంత మిగిలినదో మనకు తెలియదు.

అంతదూరము పోవలసిన పనియు లేదు. 2019లో వేలూరు జిల్లా మూడుగా విడిపోయినపుడు రాణిపేట జిల్లాలో చేరిన మన నెమిలికి దక్షిణముగా చెయ్యారు సీమయున్నది. అక్కడి పురిసై గ్రామము తెరుక్కూత్తునకు పేరుపొందినది. ద్రౌపదీ అమ్మవారి తిరునాళ్లలో రాత్రి తెల్లవార్లు భారతము ఆడుదురు. అందు పాటలు గురువు నేర్పినవే. నడుమ వచనము మాత్రము చాలవరకు నటుని సొమ్ము. కట్టియక్కారన్ అను హాస్యగాడు దుర్యోధనుని కొలువును ప్రకటించి, మరుక్షణమున ఆ ఊరి చెరువు గండిని గూర్చి మాటలాడును. దుర్యోధనుని కిరీటమునకు దానివలన లోపము రాలేదు.

మన తెలుగువారి సొమ్మును లెక్కవేసినచో ఇంతకంటె ఎక్కువయే తేలును. తోలుబొమ్మలాటలో రామాయణమును ఆపి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు చేయు కలహములు ఏ గ్రంథములోను లేవు. బుర్రకథలో కథకునకు ఇరుప్రక్కల నిలుచు వంతలలో ఒకడు హాస్యమునకు, ఒకడు నాటి రాజకీయమునకు. ఊరూరికి వారి మాటలు మారవలసినదే. అష్టావధానములో అవధాని ఏకాగ్రతను చెరచుటకే అప్రస్తుత ప్రసంగి యని ఒకనిని కూర్చుండబెట్టి, వాని కొంటె ప్రశ్నకు అవధాని తడుముకొనక బదులు చెప్పినచో చప్పట్లు కొట్టుజాతి మనది. ఆశువును అంతగా మెచ్చుకొను మనము పిల్లవాని ఆశువునకు మార్కులు కోయుట విడ్డూరముగా నున్నది.

ఆ హరిశ్చంద్ర నాటకమునే చూడుడు. కాటిసీనులో నటులు గొంతెత్తి పాడగా జనము మరల మరల పాడించుకొను పద్యములలో కొన్ని గుఱ్ఱము జాషువ గారి "శ్మశానవాటిక" లోనివి. అవి బలిజేపల్లి లక్ష్మీకాంత కవి వ్రాసినవి కావు. రంగస్థలము వానిని చేర్చుకొన్నది, జనము ఒప్పుకొన్నది. నేడు అవి లేని కాటిసీనును ఎవ్వరును కోరరు. మన నిబంధనను పట్టి చూచినచో ఆ మహానటులందరికి తలకొక ఐదు మార్కులు తగ్గవలసినదే!

పెద్దల భయము నిరాధారమని మేము చెప్పము. స్వేచ్ఛ ఇచ్చినచో పిల్లలు సినిమా మాటలు దొర్లింతురు, వెకిలి హాస్యము చేయుదురు, పద్యమును పాడుచేయుదురు అని వారు అందురు. కొంత నిజమే. రాగము సాగదీసి సాగదీసి పద్యభావమును చంపిన నటులను మేమును చూచితిమి. తిరుపతి వేంకట కవుల పద్యములో ఒక అక్షరము మార్చుటకు ఎవ్వరికిని హక్కు లేదు. ఛందస్సు తెలియనివాడు అందు చేయి పెట్టుట తగదు. ఇందు తెరుక్కూత్తు వారి పద్ధతియే మాకు సరియని తోచుచున్నది: పద్యము కవిది, వచనము ఆడువానిది. బూతు పలికినవానికి ఐదు గాదు, పది మార్కులు తగ్గించినను మాకు అభ్యంతరము లేదు.

వేరొక ఆక్షేపణ కలదు. దానిని ఎవ్వరును వ్రాతలో పెట్టరు గాని చెవిలో చెప్పుదురు. సొంత మాట వచ్చినపుడు "ఉండాది", "ఇబుడు", "ఇంగ" యని మన యాస బయటపడునట. బయటినుండి వచ్చు అతిథులు నవ్వుదురట. 1911లో ఉత్తర ఆర్కాటు నుండి కొన్ని తాలూకాలు విడదీసి చిత్తూరు జిల్లాను ఏర్పరచిరి; గుడియాత్తము ఇవతల నిలిచినది. గీత గీసినంతమాత్రమున అటు పలమనేరులో ఒప్పైన మాట ఇటు తప్పెట్లగును? ఆ చిత్తూరు యాసలోనే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు "పచ్చనాకు సాక్షిగా" వ్రాయగా తెలుగుదేశమంతయు చదివినది. అతిథులు నవ్విన నవ్వుదురు గాక. మన పిల్లలు అవ్వ దగ్గర నేర్చిన మాటను సభలో పలుకుటకు సిగ్గుపడునట్లు మనము చేసినచో, ఆ మాట వారి బిడ్డలకు చేరదు. మా చుట్టములలోనే తాతకు తెలుగు, తండ్రికి సగము తెలుగు, మనుమనికి "రా, పో" తప్ప ఏమియు రాని ఇండ్లు మూడు చెప్పగలము.

కావున రానున్న ఉగాది పోటీలకు మేము కోరునది ఇది. ఆ నిబంధన తొలగింపవలెను. ప్రతి నాటకములోను ఒక చిన్న రంగమునకు సంభాషణలు వ్రాసి ఇయ్యక, సందర్భము మాత్రము చెప్పి విడువవలెను. సంతలో బేరము కాని, అత్తాకోడండ్ల మాట కాని, బడికి పోనని మొండికెత్తిన పిల్లవాని సంగతి కాని ఏదైనను చాలును. అయిదు నిమిషములు పిల్లలు తమ మాటలతో నడపుకొందురు. మిగిలిన రంగములను తమిళ లిపి ప్రతులతో గాక, నెలదినములు సాయంకాలము ఇంటి పెద్దలలో ఒకరు చదివి వినిపించగా చెవితో నేర్పవలెను. అవ్వలకు ఇందులో పని దొరకును. వారు రమ్మన్న వత్తురు. న్యాయనిర్ణేతలలో ఒకరైనను మన తాలూకాలవారై యుండవలెను.

దీనికి అదనపు వ్యయము విశేషముగా లేదు. తెలుగు లిపిలో పెద్ద అక్షరములతో ప్రతులు అచ్చు వేయించి చెవిపాఠమునకు తోడుగా ఇచ్చుటకు గుడియాత్తము వర్తకులిద్దరు ఒప్పుకొనియున్నారు. ఆక్షేపణ గల సభ్యులు సంక్రాంతిలోపల కార్యదర్శి గారికి వ్రాతమూలముగా తెలుపగోరుచున్నాము. పిల్లల అభ్యాసములు ఆ మరువారముననే మొదలగును.