అవశేషాల పరిమితి ఒక్కటే కొలమానం కాదు

కూరగాయల్లో పురుగుమందు అవశేషాలు గరిష్ఠ పరిమితి దాటకపోతే ఆరోగ్యానికి ముప్పు లేదని ఒక వ్యాసం చేసిన వాదన అసంపూర్ణం. సిఫారసు మేరకు మందు కొడితే పంటపై ఎంత మిగులుతుందన్నదే ఆ పరిమితికి ప్రధాన ఆధారం. ఆరోగ్యానికి కొలమానం వేరు: రోజూ జీవితాంతం తిన్నా హాని ఉండదనుకునే మోతాదు. జంతువులపై పరీక్షల్లో హాని కనిపించని మోతాదును సాధారణంగా 100తో భాగించి దాన్ని తేలుస్తారు.

క్లోర్‌పైరిఫాస్‌ అనే పురుగుమందుకు అంతర్జాతీయ నిపుణులు 1999లో పెట్టిన మోతాదు కిలో శరీర బరువుకు 0.01 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 0.6, 12 కిలోల బిడ్డకు 0.12 మిల్లీగ్రాములే. పసివాళ్లు తమ బరువుతో పోలిస్తే పెద్దలకన్నా ఎక్కువ తింటారు. పైగా అది మెదడు ఎదిగే వయసు. ఈ మందుకు సురక్షిత మోతాదంటూ ఏదీ నిర్ణయించలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2019లో తేల్చింది. 2020లో అక్కడ అనుమతి ముగిసింది. క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులన్నీ నరాలకు అవసరమైన ఒకే ఎంజైమును, ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను, అడ్డుకుంటాయి. కాబట్టి వాటిని విడివిడిగా కాక కలిపి లెక్కించడమే న్యాయం.

కూరగాయలు కడిగితే చాలన్న సలహా సగమే నిజం. తొక్కమీది మందు కొంత పోతుంది. మొక్క లోపలికి పాకే ఇమిడాక్లోప్రిడ్ వంటిది పోదు.

వ్యాసం పూర్తిగా వదిలేసింది పొలంలో పనిచేసేవారిని. మిర్చి, పత్తి చేలల్లో పిచికారీ చేసేవారికి మందు ప్రధానంగా చర్మం ద్వారానే ఎక్కుతుంది. తడిసిన చొక్కా ఒంటిమీదే ఉంటే ఇంకా ఎక్కువ. వారి రక్తంలో కోలినెస్టరేజ్‌ను మందులు కొట్టే కాలానికి ముందు, మధ్యలో కొలిస్తే తేడా బయటపడుతుంది. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే జరగాలి.