వృత్తి ముందా, వ్యక్తి ముందా?



బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుండి, కాగితమూ పెన్సిలూ పాచికలూ ముందుంచుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి నోటిమాటతోనే కథ నడుపుకొనే ఆటలు కొన్ని అమెరికాలో పుట్టాయి. సూత్రధారి ఒకరు సన్నివేశాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తమ తమ పాత్రలు ఏమి చేస్తాయో చెబుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. మనుమల పుణ్యమా అని వాటి నియమగ్రంథాలు నా చేతికి వచ్చాయి. ఈ వయసులో ఈ ముచ్చటేమిటని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును గాని, పాత్రను ఎట్లా నిర్మించాలన్న చర్చ తెలుగు పండితునికి పరాయిది కాదు గదా!

పాత్రనిర్మాణంలో ఈ ఆటలకు ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మార్గం. అందులో తొలుత యోధుడు, మాంత్రికుడు, పూజారి అని మూడే క్లాసులు. 1975 నాటి అనుబంధంలో దొంగ చేరాడు. క్లాసును ‘తరగతి’ అంటే బడి గుర్తుకు వస్తుంది కనుక ‘వృత్తి’ అందాము. వృత్తిని ఎంచుకొన్న తరువాత ఆ పాత్రకు ఏ శక్తి ఏ మెట్టులో రావాలో గ్రంథమే నిర్ణయిస్తుంది. తొలి నియమాల ప్రకారం మాంత్రికుడు బాకు తప్ప వేరే ఆయుధం పట్టరాదు.

రెండవదానిని అంగడి మార్గం అనవచ్చు. 1981 నాటి ఛాంపియన్స్, 1986లో స్టీవ్ జాక్సన్ తెచ్చిన గర్ప్స్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఆటగాళ్ళందరికీ సమానంగా కొన్ని పాయింట్లు ఇస్తారు. 2004 నాటి గర్ప్స్ నాలుగవ కూర్పులో బలం, నేర్పు, బుద్ధి, ఆరోగ్యం నాలుగూ 10 దగ్గర మొదలవుతాయి. బలాన్నో ఆరోగ్యాన్నో ఒక అంకె పెంచాలంటే 10 పాయింట్లు. నేర్పునో బుద్ధినో పెంచాలంటే 20. కత్తిసాము, గుర్రపుస్వారీ, పాట అన్నీ కొనుక్కోవలసినవే.

మన ఆలంకారికులు నాయకుని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా విభజించారు. చట్రం ముందు, పాత్ర తరువాత. మొదటి మార్గం ఇటువంటిదే. ఆధునిక నవలాకారుడు అట్లా చేయడు. ఒక గుణమూ ఒక బలహీనతా ఏరి కూర్చి మనిషిని నిలబెడతాడు. ఆ లెక్కన రెండవదే మేలని సాహిత్యాభిమానులకు తోచడం సహజం. నేను మాత్రం మొదటి పక్షమే.

ఎందుకంటే నవలను ఒక్కరు వ్రాస్తారు. ఈ ఆటను నలుగురు కలిసి ఆడతారు. ఇక్కడ వృత్తి అంటే తోటివారికి ఇచ్చిన మాట. పూజారి పాత్రను తీసుకొన్నవాడు ‘మీకు గాయమైతే నేనున్నాను’ అని చెప్పినట్టే. అంగడి మార్గంలో నలుగురూ కత్తిసామే కొనుక్కొని, కట్టు కట్టేవాడు లేక అడవి నడుమ నిలువవచ్చు. పైగా పాయింట్లు సమానమైనంత మాత్రాన బలం సమానం కాదు. ధరల పట్టిక కంఠస్థమైనవాడు మహావీరుణ్ణి తయారు చేసుకొంటే, నిన్న చేరిన పిల్లవాడు అవే పాయింట్లతో అక్కరకు రాని విద్యలెన్నో కొని వెనుకబడతాడు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి సమానత్వం సాధించామనుకోవడం ఎటువంటిదో పాఠం చెప్పినవారికి తెలియనిది కాదు.

మరొక అభ్యంతరం. గర్ప్స్‌లో లోపాలను స్వీకరిస్తే పాయింట్లు తిరిగి వస్తాయి. పిరికితనం, మద్యవ్యసనం, ఒంటికన్ను, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వెల. లోపం లేనిదే పాత్రకు ప్రాణం రాదన్నది నిజమే. కాని లోపానికి వెల కట్టగానే బేరం మొదలవుతుంది: ఏ లోపానికి ఇబ్బంది తక్కువ, రాబడి ఎక్కువ? ఈ సంగతి ఎరిగియే గ్రంథకర్తలు లోపాలకు ఒక హద్దు పెట్టుకొమ్మని సూత్రధారికి సలహా ఇచ్చారు.

మొదటి మార్గానికీ మచ్చ ఉంది. 1974 నియమాల్లో డ్వార్ఫ్ అనే పొట్టి జాతివాడు యోధుడు మాత్రమే కాగలడు; అందులోనూ ఆరవ మెట్టు దాటలేడు. 1981 నాటి బేసిక్ కూర్పులోనైతే డ్వార్ఫ్‌గా పుట్టడమే ఒక వృత్తి! పుట్టుకే పనిని నిర్ణయిస్తుందన్న మాట వినగానే మన దేశంలో పుట్టినవారికి గుండెలో కలుక్కుమనక తప్పదు. 2000లో వచ్చిన మూడవ కూర్పు ఆ హద్దులను తొలగించింది. ఏ జాతివాడైనా ఏ వృత్తినైనా చేపట్టవచ్చు. నడుమ మరొక వృత్తిని చేర్చుకోవచ్చు. 2024 కూర్పులో బలమూ బుద్ధీ వంటివాటికి కలిసివచ్చే అంకెలు సైతం జాతిని విడిచి, పాత్ర పూర్వజీవితాన్ని బట్టి వస్తున్నాయి. నేను సమర్థించేది ఇట్లా దిద్దుకొన్న మార్గాన్ని.

అయితే ఆటలో వృత్తిని సమర్థించిన నేను బడిలో దానిని సమర్థించను. పదవ తరగతి దాటీ దాటకముందే పిల్లల నుదుట ఎంపీసీ అనో బైపీసీ అనో వ్రాసి, తక్కిన దారులు మూసివేయడం చూస్తూనే ఉన్నాము. ఆటలో పాత్ర నచ్చకపోతే కాగితం చించి మరొకటి వ్రాసుకోవచ్చు. పదిహేనేళ్ళ పిల్లకు ఆ వీలేదీ? నడుమ దారి మార్చుకొనే స్వేచ్ఛ కల్పిత వీరులకు దక్కి యిరవై అయిదేళ్ళు దాటింది. మన పిల్లలకు ఇవ్వడానికి ఎందుకు వెనుకాడుతున్నామో పెద్దలు ఆలోచించాలి.

అంగడి మార్గమే మేలనే మిత్రులు వాదానికి దిగితే సంతోషిస్తాను.

స్వస్తి.