గాలిబండ చెప్పిన పాఠము

ఈ మాసము వంటయింటి ముచ్చట విడిచి ఆకాశపు ముచ్చట చెప్పదలచితిమి.

మా మదనపల్లెకు చేరువనున్న హార్స్లీ కొండలను మీలో ననేకులు చూచియుందురు. ఏనుగు మల్లమ్మ కొండ యనునది పూర్వనామము. కడప కలెక్టరు హార్స్లీ దొర 1870 ప్రాంతమున నచ్చట నిల్లు కట్టుకొనిన పిమ్మట నీ పేరు వచ్చెను. నాలుగువేల యడుగులకు మించిన యెత్తు. అందలి గాలిబండపై నిలిచినచో భుజముపై కొంగు నిలువదు.

గత వేసవిని మా పండ్రెండేండ్ల కుమారుడు రేడియోచే నడచు చిన్న విమానమును చేతబట్టి మమ్ము నా బండపైకి గొనిపోయెను. పుష్పకము తలచినంతనే కదలెనని చదివికొన్న మాకు, ఇదియు నట్లే కాబోలు ననిపించెను. మా వారు “గాలి యున్నచోటనే గదా యెగురును!” అనిరి. వదలిన యరనిమిషములో గాలి దానిని లోయలోనికి గొట్టుకొనిపోయెను. ఆ రాత్రి బిడ్డ యన్నము ముట్టలేదు. ఇక నీ యాట వలదని మేము శాసించితిమి. “నడుపుట మనకు రాకపోయిన, విమానము చేసిన తప్పేమి యమ్మా?” అని వాడడిగెను. మాకు బదులు తోచలేదు.

పండుగ చీరకై దాచిన సొమ్ముతో మరియొకటి కొని, ఈ మారు మేమును వానితోపాటు నేర్చితిమి. క్రొత్తవారికి థర్మోకోలు వంటి తేలిక నురుగుతో చేసి, రెక్క పైభాగముననున్న విమానము మేలు. కొండకొమ్మున గాక, వేరుసెనగ పెరికిన చేనివంటి బయలున, గాలి నెమ్మదిగానున్న తెల్లవారువేళ, గాలి కెదురుగా వదలవలెను. అది మనవైపు వచ్చునపుడు కుడియెడమలు తారుమారగును. అపుడు మనకు క్రుంగినట్లు కన్పట్టు రెక్క వైపునకే పుల్లను నెట్టిన చక్కబడును. ఉబ్బిన లిథియము బ్యాటరీని వాడరాదు. ఇంటివారు నిద్రించువేళ చార్జింగునకు పెట్టరాదు. 2021 నాటి డ్రోను నియమములలో 250 గ్రాములకు మించనిది నానో తరగతి. దానిని వినోదమునకు నడుప లైసెన్సు అక్కరలేదు. అయినను విమానాశ్రయముల దాపున నెగురవేయరాదు.

రెక్క వాలినదని కంగారుపడి పుల్లను లాగినకొలది మా విమానము తల్లడిల్లి నేలగూలుచుండెను. తగినంత యెత్తుననున్నపుడు చేయి సడలించితిమా, తనంతనే సరిపడెడిది. నాలుగవనాటి యుదయమున పెట్టెను కుమారుని కిచ్చి వెనుక నిలిచితిమి. “జాగ్రత్త” యను మాటను నాలుకపై నాపుకొనుట, విమానము నడపుటకంటె కష్టమైనది. అది మూడు చుట్లు తిరిగి చేనిలో మెల్లగా దిగెను.

వాడు విమానవిద్య నేర్చెను. చేయి సడలించు విద్యను మేమింకను నేర్చుచునే యున్నాము.